నామం కింది గాట్లు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా సుంకన్న మామ. చక్రం మీద కుండ తీసినట్టే మాటను కూడా కొలిచి తీసేవాడు మామ. ఏటవతలి మా దాయాదులు దీన్నే ఇంకోరకంగా చెప్పుకుంటారు, అంతా శిష్యుడే కనిపెట్టాడని. ఆ శిష్యుడు వాళ్ళ ముత్తాత, ఇంక వేరే ఏం చెబుతారు! జరిగింది మాత్రం ఇది.

కుమ్మరి సిద్ధప్ప తెగిన ముక్కులు అతికే వైద్యుడు. శిష్యుడు ప్రశ్న అడిగితే నోటితో జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఏదో ఒక పని అప్పజెప్పి, శిష్యుడు పొరబడేదాకా చూస్తూ కూర్చునేవాడు.

ఆయన దగ్గర పదేళ్ళు పని నేర్చిన ఓబులేసు ఒకనాడు విసిగిపోయి అడిగాడు. "అయ్యా, రెండుసార్లు చెడిన ముక్కును మూడోసారి ముట్టుకునేవాడికి ముందు కావలసింది ఏమిటి? ధైర్యమా, చేతి పనితనమా?"

ఆ విసుగుకు కారణం ఉంది. సన్నాయి వాయించే కదిరప్పకు ఎద్దు కొమ్ము తగిలి ముక్కు పోయింది. ఒక వైద్యుడు అతికితే అది కుంగింది. రెండో వైద్యుడు దిద్దితే ముక్కు నిలబడింది గాని కుడిరంధ్రం మూసుకుపోయింది. సన్నాయి ఊదేవాడు నోటితో ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకోవాలి. లేకుంటే నాదం నడుమ తెగుతుంది. కదిరప్ప నాదం తెగుతోంది. ఈ తేరునాడు కూడా తెగితే మేళం పెద్దరికం అతని బావమరిదికి ఇస్తామని ఊరివాళ్ళు తేల్చి చెప్పారు. అయినా సిద్ధప్ప ఏడాదిగా ప్రతి అమావాస్యకూ అతన్ని పిలవడం, ముక్కు మీది మచ్చను గిల్లి చూడడం, "తోలు ఇంకా కింద అంటుకునే ఉంది, పోయి నూనె రాసుకో" అని పంపించడం. ఓబులేసుకు ఒళ్ళు మండేది. తానైతే ఒక్క పూటలో తేల్చేసేవాడు.

గురువు అన్నాడు, "నిన్న గిల్లితే తోలు కదిలింది. రేపు పని నువ్వే చెయ్యి."

మర్నాడు పొద్దెక్కేసరికి కదిరప్ప అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు. నుదుట బొటనవేలంత మందాన తెల్లనామం, నడుమ ఎర్రగీత. "తొందరగా కానీ ఓబులేసన్నా. నా ముక్కు మూసుకుపోయిన కాడినుంచి మా బావమరిది నోరు మూతపడటం లేదు," అన్నాడు. ఓబులేసు నవ్వి, తమలపాకును ముక్కు కొలతకు కత్తిరించాడు. ఆ ఆకును నుదుట పెట్టి గీత గీసి, అంత తోలును మొదలు తెగకుండా లేపి, కిందికి తిప్పి ముక్కుకు అతకడం వాళ్ళ పద్ధతి.

"ఆకు ఎక్కడ పెడతావు?" అన్నాడు సిద్ధప్ప.

"నుదుటి నడుమ, అయ్యా."

"నడుమ ఏముంది?"

"నామం ఉంది."

"దాని కింద?"

ఓబులేసుకు చిర్రెత్తింది. "నుదురే ఉంటుంది, ఇంకేముంటుంది అయ్యా? దేవుడి నామం, తుడవడమెందుకని పక్కనుంచి కొలిచినా."

సిద్ధప్ప లేచి బట్ట తడిపాడు. కదిరప్ప చెయ్యి గబుక్కున నుదుటికి పోయింది. "వద్దు సామీ! నామం లేకుండా మా ఇంటిదానికి కూడా మొగం చూపను."

"కత్తికి మొగం ఇచ్చినోడివి, కంటికి ఇయ్యవా? తియ్యి చెయ్యి!"

తుడిచాడు. తెల్లగీత కింద ఎడమవైపు ఒక నిలువుగాటు, కుడివైపు ఇంకొకటి. ఇద్దరు వైద్యులు చెరో పక్కా తోలు లేపుకున్నారు. నడుమ మిగిలింది ఉల్లిపొరంత, నెత్తురు సరిగా పారని తోలు. దాన్ని లేపి ఉంటే మూడోనాటికి నల్లబడి రాలిపోయేది. ముక్కూ పోయేది, నుదురూ పోయేది. ఓబులేసు ఆకును కింద పెట్టాడు.

"ఇంతకుముందు నుదుట కోశారా అని నిన్ను ఎన్నిసార్లు అడిగినా?" సిద్ధప్ప గొంతు పెరిగింది.

"పన్నెండుసార్లు, సామీ."

"ఏం చెప్పినావు?"

"లేదని చెప్పినా. ఉందంటే మీరు చెయ్యనంటారని. రెండో ఆయనే చెప్పినాడు, నామం మందంగా పెట్టుకో, ఎవరికీ కనపడదు అని."

"వాడు నీకు పెట్టినాడు. నువ్వు నాకు పెట్టబోయినావు. ఈ పదేళ్ళ పండితుడు అడిగి మరీ పెట్టించుకున్నాడు!"

కదిరప్ప ఏడుపుగొంతుతో, "అయితే ఇంక లేదా సామీ?" అన్నాడు.

సిద్ధప్ప ఆకును అవతల పారేశాడు. "గాలి పీల్చు," అన్నాడు. పీలిస్తే ముక్కు కుడిగోడ తడిగుడ్డలా లోపలికి అతుక్కుపోయింది. సన్నని బోలు ఆముదపు కాడను రంధ్రంలోకి జొనిపి గోడను పైకెత్తి, "ఇప్పుడు పీల్చు," అన్నాడు. గాలి బుస్సుమని పోయింది. "ముక్కు మీద తోలు చాలినంత ఉంది రా. లేనిది లోపల ఆసరా. ఆకు కత్తిరించక ముందు ఇది చూడాల."

మత్తు కషాయం తాగించి, ఎడమచెవి వెనకనుంచి చింతగింజంత మెత్తని ఎముక తీసి, ముక్కుగోడలో ఆసరాగా పెట్టి కుట్టాడు. ఓబులేసు దారం కూడా అందించలేదు, చూస్తూ నిలబడ్డాడు. మూడు వారాలు రంధ్రంలో ఆముదపు కాడ ఉంచారు.

తేరునాడు కదిరప్ప నాదం వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా తెగలేదు. మర్నాడు పళ్ళబుట్టతో వచ్చి, "మీ చేతి మహిమ సామీ! సిద్ధప్ప సామి నా నుదుటి తోలుతో కొత్త ముక్కు చేసిచ్చినాడని ఊరంతా చెప్పినా," అన్నాడు.

సిద్ధప్ప నెత్తి కొట్టుకున్నాడు. "మళ్ళీ అబద్ధమేనా!"

ఇదే అదనని ఓబులేసు మెల్లగా అన్నాడు, "అయ్యా, ఆనాడు నేనడిగిన ప్రశ్న..."

గురువు అతని చేతిలో తాటాకూ గంటమూ పెట్టాడు.

"వీణ్ణి వెంటబెట్టుకొని ఆ ఇద్దరు వైద్యుల ఇళ్ళకూ పో. ఎవరు ఎక్కడ కోశారో వాళ్ళ నోటనే చెప్పించి రాయి. చెవి వెనక నేను తీసిందీ రాయి. ముందటివాళ్ళు చేసింది సరిగ్గా రాసి పెట్టు రా నాయనా, ఈ ముక్కును ముట్టుకునే నాలుగోవాడు రాకపోడు."