బోలెడంటే ఎంత?

పాలవాగు అడవిలో ఎలుగుబంటి, ఉడత, వడ్రంగి పిట్ట, చిలక, కోతులు, ఎలుకలు కలిసిమెలిసి ఉండేవి. వానాకాలంలో వాగు పొంగితే తిండి దొరకదు. అందుకని ఎండలుండగానే గుట్ట మీది గుహలో తిండి దాచుకునేవి. ఆ గుహ బాగోగులు చూసే పెద్ద ఎలుగుబంటే.

ఒకరోజు ఎలుగుబంటి చిలకను అడిగింది. "గుహలో వెదురు బియ్యం ఎంతున్నాయి?"

"బోలెడున్నాయి మామా!" అంది చిలక.

చిలకకు గుప్పెడు గింజలే బోలెడు. ఎలుగుకు బోలెడంటే గుహ నిండా! "అయితే ఇక గింజలొద్దు, అందరూ ఇప్పపూలే తెండి" అని చెప్పేసింది. ఇప్పపూలంటే దానికి ప్రాణం మరి.

వడ్రంగి పిట్ట ఊరుకోలేదు. "మామా, చిలక బోలెడు వేరు, నీ బోలెడు వేరు. గుహలో ఏది తగ్గినా నేను చెట్టు మీద టకటక కొడతాను. గింజలకో తీరు, పూలకో తీరు. నా తోటి పిట్టలు ఆ కబురు వాగు అవతలికి కూడా చేరుస్తాయి."

"చాల్లే! నా గుహలో ఏముందో నాకు తెలియదా?" అని ఎలుగు కసిరింది.

వానలు ముంచెత్తాయి. గింజలు అయిపోయాయి. గుట్టలుగా పడ్డ ఇప్పపూలు కుళ్ళి కంపు కొట్టాయి. వాటినే తిని ఎలుగు కడుపు నొప్పితో మెలికలు తిరిగింది. అప్పుడే ఉడత ఏడుస్తూ వచ్చింది.

"మామా, తిండి లేక నా పాలు ఇంకిపోయాయి. పిల్లలకు ఏడ్చే ఓపిక కూడా లేదు."

ఆ మాట వినగానే ఎలుగు లేచింది. కడుపు పట్టుకునే వడ్రంగి పిట్ట దగ్గరికి పరుగెత్తింది. "తప్పు నాదే తల్లీ. నీ టకటక కొట్టు!"

వాన తెరిపిచ్చింది. గింజలు తగ్గాయన్న టకటక చెట్టు నుంచి చెట్టుకు పాకి వాగు దాటింది. అవతల ఎలుకల కలుగుల నిండా వెదురు బియ్యమే! ఎలుగు గింజలొద్దందని ఎలుకలు వాటిని అక్కడే ఉంచేశాయి పాపం. కబురు విన్న కోతులు ఆ గింజలు మూటగట్టుకుని, వాగు మీదికి వంగిన కొమ్మల మీదుగా తెచ్చాయి. ఉడత కడుపారా తింది. సాయంత్రానికి పిల్లలు చప్పరిస్తూ పాలు తాగాయి.

ఆనాటి నుంచి ఎలుగే పొద్దున్నే గుహంతా చూసి, ఏది తగ్గిందో పిట్టకు చెప్పేది. కుళ్ళిన పూలన్నీ తనే వీపున మోసి పారబోసింది.

ఉడత మంచి గింజలు ఏరి వడ్రంగి పిట్ట ముందు పెట్టింది. "నా పిల్లల్ని బతికించావు. నీ మేలు మరువను అక్కా."

పిట్ట నవ్వింది. "నేను పురుగులు తినేదాన్నమ్మా. ఆ గింజలు నువ్వే తిను, నీ పిల్లలకు పాలవుతాయి."

నీతి: ఎక్కడ ఏముందో, ఎవరికేం కావాలో వేళకు అందరికీ తెలిస్తేనే అందరి కడుపూ నిండుతుంది.