పేరయ్య తవ్విన మూడు గోతులు

కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి, తుఫానులో స్తంభాలెక్కి జిల్లా సగానికి వెలుగిచ్చిన పేరయ్య, ఒక గుంయ్‌మనే రొదని ఆపలేకపోయాడు.

అది మామూలు రొద కాదు. చీరాల దగ్గర చౌడమ్మగారి మఠంలో, మగ్గాల షెడ్డులో, బల్ల మీద రికార్డు ప్లేయరు పెట్టాడు. దాని పక్కన యాంప్లిఫయరు, ఆ పక్కన పాటని పట్టి దాచుకోవడానికి కంప్యూటరు. ముల్లు ఇంకా రికార్డు మీద ఆననే లేదు, స్పీకర్లోంచి వెయ్యి తుమ్మెదలు ఒకే పెళ్ళికి బయల్దేరినట్టు గుంయ్‌య్‌మని మొదలయ్యేది. ఆ దెబ్బకి పక్కవీధి గేదె రెండు పూటలు పాలెగ్గొట్టింది. మనుషులు అబద్ధమాడతారేమో గానీ గేదెకేం అవసరం?

రికార్డు తెచ్చినాయన ఒంగోలు కరీముల్లాగారు. గడియారాలు బాగుచేస్తూ పాత రికార్డులు పోగేస్తాడు. చౌడమ్మగారి గురువు ఏకాంతయ్యస్వామి ఒకే ఒక్కసారి మద్రాసు వెళ్ళి రెండు తత్వాలు పాడి వచ్చాడు. ఆ రికార్డు లోకం మొత్తంలో ఒక్కటే మిగిలింది, అదీ కరీముల్లాగారి ఒళ్ళో. పసిబిడ్డనైనా కాసేపు ఎత్తుకోమని పక్కవాళ్ళకిస్తారు. ఆయన దాన్ని అలా కూడా ఇవ్వడు.

"గాడి అరిగిపోయింది పేరయ్యగారూ. ఒక్కసారే పెట్టనిస్తా. సాయంత్రం పాసింజరుకి నేనూ, ఇదీ వెళ్ళిపోతాం" అన్నాడు పొద్దున్నే రైలు దిగి.

మర్నాడు స్వామి ఆరాధన. పేరయ్య అప్పటికే పదిమంది ముందూ ఒట్టేసుకున్నాడు. "రేపు స్వామి గొంతు మీ అందరికీ వినిపించకపోతే ఈ గడప మళ్ళీ తొక్కను!" ఆ పదిమందీ వెళ్ళి పదివేలమందికి చెప్పొచ్చారు.

చౌడమ్మగారు మాత్రం ఓ మూల కూచుని రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటోంది. ఎనభై దాటిన మనిషి. గురువుగారి గొంతు విని నలభై ఏళ్ళయింది.

పేరయ్య సామాన్యుడా! సామాను పెట్టిన మొదటిరోజే రోగం కనిపెట్టేశాడు. "షెడ్డుకి ఎర్త్ లేదు. అందుకే ఏడుస్తోంది" అన్నాడు. పెరట్లో గొయ్యి తవ్వి, ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరి, నాలుగు బిందెల నీళ్ళు పోశాడు; తడి ఆరితే ఎర్త్ పనిచెయ్యదు. ఆ గొట్టం నుంచి రికార్డు ప్లేయరుకి రాగి తీగ లాగాడు. రొద సగానికి సగం తగ్గింది.

తగ్గిందిగా, ఇక ఆగుతాడా? ఒక్క మాత్రకి తగ్గిన జ్వరం మూడు మాత్రలకి ముల్లె సర్దుకుని పోదా అనుకున్నాడు. రెండో గొయ్యి తవ్వి యాంప్లిఫయరుకి విడిగా తీగ వేశాడు. కంప్యూటరు కోసం మూడోది కూడా తవ్వాడు. ఆ మూడోది ఎంత లోతంటే, కిందనుంచి పాతాళం వాళ్ళు "ఎవరయ్యా అది, దుమ్ము పడుతోంది!" అని కేకలేశారట.

ఒక్కో గోతికీ ఒక్కో కొబ్బరికాయ కొట్టాడు. పేరయ్యకి గురువులు ముగ్గురు. గురువారం బాబాగారికి, శనివారం కొండమీది స్వామికి, మిగతా రోజులు చౌడమ్మగారికి దండం పెడతాడు. మొదటి గొయ్యి ఒకరి పేర, రెండోది ఇంకొకరి పేర, అన్నిటికన్నా లోతైనది చౌడమ్మగారి పేర. ఎవరికీ లోటు చెయ్యలేదు.

గోతులు పెరిగినకొద్దీ రొదకి కొవ్వెక్కింది. మూడో తీగ తగిలించేసరికి తుమ్మెదలు పోయి ఏనుగులొచ్చాయి.

"ఇంకో రెండు తవ్వండి పేరయ్యగారూ. ఒంగోలు దాకా సొరంగం పడితే నాకు రైలు ఖర్చు తప్పుతుంది" అన్నాడు కరీముల్లా.

"మీరు ఊరుకోండి సాహెబుగారూ! నాలుగోది తవ్వుతాను. పదోదైనా తవ్వుతాను. నేనో అదో తేలిపోవాలి!"

పలుగు భుజాన వేసుకున్నాడు. ఒళ్ళంతా మట్టి, బొగ్గు. కళ్ళు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. పాసింజరుకి గంటన్నర ఉంది.

రాట్నం ఆగింది.

"ఒరే పేరయ్యా, ఈ తీగలు మూడూ ఎక్కడికి పోతున్నాయిరా?"

"భూమిలోకమ్మా."

"ఎన్ని భూములు?"

పేరయ్య నోరు తెరిచాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పెద్దపెద్ద ఇంజనీర్లు కూడా అడగని ప్రశ్న. ఈగ ఒకటి నోట్లోకెళ్ళి, లోపల ఏమీ లేదని చూసుకుని తిరిగొచ్చింది.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి పెరట్లోకి నడిచింది.

"అమ్మా, తీగలు ముట్టుకోకండి!" అంటూ పేరయ్య పలుగు పారేసి మెయిన్ ఆపడానికి పరుగెత్తాడు.

అతను ఆపి వచ్చేదాకా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తర్వాత రెండో గొట్టం దగ్గర తీగ ఊడదీసింది. మూడో దాని దగ్గరా ఊడదీసింది. రెండు కొసలూ మొదటి గొట్టం దగ్గరికి లాక్కొచ్చి, మగ్గం మీద తెగిన పోగుల్ని అతికే చేత్తోనే, మూడింటినీ కలిపి ఒక్క మెలి పెట్టింది.

"నా వేళ్ళకి బలం లేదు. బిగించు."

పేరయ్య బిగించాడు. వెళ్ళి మెయిన్ వేశాడు.

ఏమీ వినబడలేదు.

"కరెంటు రాలేదా?" అన్నాడు కరీముల్లా.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. యాంప్లిఫయరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. పేరయ్య వెళ్ళి స్పీకరుకి చెవి ఆనించాడు. లోపల ఉత్త నిశ్శబ్దం. పక్కవీధి గేదె నెమరు వేయడం కూడా వినిపించిందంటాడు ఇప్పటికీ.

కరీముల్లా ఒళ్ళోంచి రికార్డు తీసి, బిస్మిల్లా అనుకుని తనే పెట్టాడు. ముల్లు ఆనింది. కాస్త గరగర. ఆ వెనక, పాట మొదలవడానికి ముందు, ఎవరో ముసలాయన చిన్నగా దగ్గాడు.

చౌడమ్మగారు పెరటి గుమ్మంలోనే కూచుండిపోయింది.

తర్వాత పాట వచ్చింది. ఒక వైపు అయ్యాక కరీముల్లా రికార్డు తిప్పాడు. రెండో వైపూ అయింది. కంప్యూటరు అంతా పట్టుకుంది, దగ్గుతో సహా. ఆ దగ్గుని కంప్యూటర్లో మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నారు. ఆ రోజు పాసింజరు కూడా వాళ్ళకోసమే అరగంట ఆలస్యంగా వచ్చింది.

సాహెబుగారిని రైలెక్కించి వచ్చి, పేరయ్య పార పట్టుకున్నాడు. అక్కరలేని రెండు గోతులూ పూడ్చాలి. పెరట్లో నిలబడి మూడింటినీ మార్చి మార్చి చూశాడు. ఎంతకీ పార దించడు.

"అమ్మా, మూడోది బాగా లోతు. మీ పేర తవ్వింది. తీగలు దానికే మార్చనా?"

ఆవిడ రాట్నం ముందు కూచుని కొత్త కండె ఎక్కిస్తోంది. తలెత్తలేదు.

"ఏదైనా సరేరా. ఒక్కదానికే నీళ్ళు పొయ్యి."