తెడ్డు చప్పుడు

పేర్రాజు కోపం తెచ్చుకోకుండా ముప్పై ఎనిమిది రోజులు నెట్టుకొచ్చాడు. ఇంకో రెండు నెట్టుకొస్తే గట్టెక్కినట్టే. సరిగ్గా ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్నే వాన పట్టుకుంది.

కార్తీకంలో పట్టిన ముసురు అది. ఉరమదు, మెరవదు, ఆగదు. కసితీరా కురిసి పోయే వానయితే మనిషి ఓర్చుకుంటాడు. ఇది అప్పులవాడిలా గుమ్మంలో కూర్చునే రకం.

ఈ కోపం లెక్కేమిటో ముందు చెప్పాలి. పేర్రాజుది కోనసీమ. మనసు వెన్నే గానీ చెయ్యి ఆగదు. ఆరేళ్ల కిందట చేలో నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, నలుగురూ చూస్తుండగా సొంత తమ్ముణ్ణి చెంప ఛెళ్లుమనిపించాడు. ఆ రోజు నుంచి తమ్ముడు పలకలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుకోవడం చూడలేక పేర్రాజు ఊరొదిలి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి బాసర దగ్గర పరదేశిస్వామి ఆశ్రమంలో తేలాడు.

"ఈ కోపం పోయే ఉపదేశం ఏదైనా ఇప్పించండి స్వామీ. తమ్ముడి గుమ్మంలో కొత్తమనిషిగా నిలబడతాను" అని కాళ్లు పట్టుకున్నాడు.

"సరే, గోదావరి మీద మీ ఊరికే పోదాం" అన్నారు స్వామి. "నా దోనె నాది, నీ దోనె నీది. నలభై రోజులు కోపం తెచ్చుకోకు. నలభయ్యో రోజు ఉపదేశం. మధ్యలో తప్పావా, మళ్లీ ఒకటి నుంచి."

దోనెలంటే మానుని తొలిచి చేసిన సన్నటివి. ఒక మనిషి కాళ్లు చాపి కూర్చుంటే నిండిపోతుంది. ఆ పైన ఒక మూట, చేతిలో ఒక తెడ్డు. అంతే సంసారం.

ఆవేళ పాపికొండల మధ్యకి వచ్చేసరికి పేర్రాజు మూటలో అటుకులు తడిసి గంజయ్యాయి. మార్చుకోవాల్సిన పంచె కట్టుకున్న పంచె కన్నా ఎక్కువ తడిసింది. దోనెలో చేరిన వాన నీళ్లు తోడుతుంటే తెడ్డు వెయ్యడానికి లేదు, తెడ్డు వేస్తుంటే నీళ్లు తోడ్డానికి లేదు. ముందు దోనెలో స్వామి మాత్రం వాన తన కోసమే కురుస్తున్నట్టు కూనిరాగం తీస్తున్నారు. ఆ రాగం కూడా పొద్దుటి నుంచీ ఒకటే ముక్క.

పేర్రాజు పళ్లు బిగించి తెడ్డు వేశాడు. నోరు మాత్రం విప్పలేదు.

రెండు మైళ్లు వచ్చాక స్వామి దోనె ఆపారు.

"పేర్రాజూ, చెంబు మరిచిపోయాన్రా. రాత్రి పడుకున్న ఇసుక తిన్నె మీద."

"అలాగే స్వామీ" అన్నాడు పేర్రాజు. ఆ రెండు మాటలు అనడానికి అతనెంత కష్టపడ్డాడో అతనికే తెలుసు.

ఎదురు ప్రవాహం. మొహం మీద వాన. రెండు మైళ్లకి పూట గడిచింది. భుజాలు పడిపోయాయి. తిన్నె అంతా వెతికాడు, పొదలు కూడా దులిపాడు. చెంబు లేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి స్వామి తన గోనెసంచి కింద నుంచి దేన్నో లాగుతున్నారు.

"ఇదిగోరా, ఇక్కడే ఉంది."

పేర్రాజు చెంబుని చూశాడు. స్వామిని చూశాడు. ఆకాశాన్ని కూడా చూశాడు.

"చాలా సంతోషం స్వామీ" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు.

మళ్లీ దిగువకి బయల్దేరారు. సాయంత్రం కావస్తుండగా ఒడ్డున ఒక గుడిసె, దాంట్లోంచి పొగ కనిపించాయి. దోనెలు కట్టేసి తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల సూరమ్మ అనే పల్లెకారుల ఆవిడ నదికి వీపు పెట్టి వల బాగుచేసుకుంటోంది.

"రండయ్యా, పొయ్యి కాడ కూకోండి" అంది. గంజి పోసింది. తరవాత ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఎనకాల దోనెలో వచ్చినోరు ఎవరండీ?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నాడు పేర్రాజు.

"ఎవరితో దెబ్బలాడొచ్చేరు బాబూ?"

"దెబ్బలాటా? నాకు కోపం రాక ముప్పై తొమ్మిది రోజులైందమ్మా. దీక్షలో ఉన్నాను."

సూరమ్మ ఫక్కున నవ్వింది. "ఊరుకోండి బాబూ! ముందాయన తెడ్డు అసలు ఇనపడనే లేదు. మీదైతే ఆ వొంపు తిరక్కముందే ఇనపడింది. నాతో గొడవపడి ఏటకెల్లిన రోజు మా ఆయన కూడా అలాగే ఏత్తాడు. ఎవడో ఎవర్నో సెంపల మీద వాయిత్తన్నాడేటి ఈ వానలో, అనుకున్నాను."

పేర్రాజు స్వామి వైపు చూశాడు. ఆయన ఒక మాట సాయం చేస్తారనుకున్నాడు. స్వామి గంజి ఊదుకుని తాగుతున్నారు. తాగడం అయ్యాక మళ్లీ ఆ పాత కూనిరాగమే మొదలుపెట్టారు.

అంతే. కట్ట తెగింది.

"ఆపండి స్వామీ ఆ పాట!" అని లేచాడు పేర్రాజు. "చెంబు సంచి కింద పెట్టుకుని నన్ను రెండు మైళ్లు ఎదురు తోలించారు! ఒక్క మాట, 'పాపం, అలిసిపోయావురా' అన్న మాట అన్నారా? ముప్పై తొమ్మిది రోజులుగా చూస్తున్నాను. ఎండలో ఆగమంటారు, వానలో పదమంటారు. నేను మనిషిని కానా? నాకు నొప్పి లేదా?"

గుడిసె అదిరేలా అరిచాడు. అరిచి అరిచి గొంతు పూడుకుపోయింది. అప్పుడు తెలిసొచ్చింది ఏం చేశాడో. ఇంకొక్క రోజు. ఒకే ఒక్క రోజు ఓర్చుకుంటే సరిపోయేది. తమ్ముడి గుమ్మం ఇంకో నలభై రోజుల దూరం జరిగిపోయింది.

స్వామికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. సూరమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, దెబ్బలకి వేసే పసుపు కాస్త ఉందా?"

"అయ్యో, ఎక్కడ తగిలిందండీ?" అంటూ సూరమ్మ డబ్బా తీసి, చారెడు పసుపు అరిటాకు ముక్కలో పోసి నీళ్లతో తడిపి, పొయ్యి మీద వెచ్చజేసి ఇచ్చింది.

స్వామి ఆ ఆకు రెండు చేతులతో పట్టుకుని వానలోకి నడిచారు. ఈ వయసులో ఎక్కడ జారిపడతారోనని పేర్రాజు వెనకే పరుగెత్తాడు. స్వామి ఒడ్డుకి వెళ్లి, పేర్రాజు దోనె కట్టేసిన చోట మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. పసుపు వేళ్లతో తీసి, నీటి మీద మెల్లగా, కమిలిన ఒంటికి రాసినట్టు రాశారు. ఇటు కాస్త, అటు కాస్త. నీళ్లు పచ్చగా మారి, కదిలి, పోయాయి.

ఆకు ఖాళీ అయిందాకా పేర్రాజు ఒడ్డునే నిలబడి చూశాడు. గడ్డం వెంట నీళ్లు కారుతున్నాయి. అవి వాన నీళ్లో కాదో చెప్పలేం.

చివరికి "స్వామీ, రేపు నాకు నలభయ్యో రోజా, ఒకటో రోజా?" అని అడిగాడు.

"నన్నడుగుతావేంరా?" అన్నారు స్వామి చేతులు కడుక్కుంటూ. "దెబ్బలు తిన్నవాళ్లని అడగాలి గానీ."