ఉలిక్కిపడని ఊరు

ఒక కొండ ఉండేది. దానికో యజమాని ఉండేవాడు. కొండను పేల్చి రాయి తీయించడం అతని వ్యాపారం.

ఈరమ్మ ఆ కొండమీద గుంతలు పూడ్చేది. రాతిలో తొలిచిన గుంతలో పేలుడు మందు నింపాక, పైన సన్న కంకర పోసి కర్రతో దట్టించాలి. గుంత నోరు గట్టిగా మూస్తే మందు బలం రాతిలోకి దిగుతుంది. మూయకపోతే మోతై గాలిలోకి లేస్తుంది.

ఒకనాడు యజమాని, "ఇకనుంచి జానెడు కంకర చాలు" అన్నాడు.

ఆ రోజు మొదలు కింద ఊళ్లో గోడలు బీటలు వారాయి. గేదెలు పాలు చేపడం మానేశాయి. ముసలివాళ్లు ఎత్తిన ముద్ద కంచంలో పడేసి చెవులు మూసుకునేవారు. ఈరమ్మ ఇల్లూ ఆ ఊళ్లోనే.

ఒక ఉదయం మబ్బు కొండను తాకుతూ దిగింది. గుంతల్లో మందు నింపారు.

"ఇవాళ మోత పైకి పోదు దొరా, ఊరిమీదే పడుద్ది. తెరిపియ్యనీ. ఈలోగా నేను నిండా కూరతాను" అంది ఈరమ్మ.

"చెప్పడానికి నువ్వెవతివే? తప్పుకో అక్కణ్ణించి!"

ఈరమ్మకు భయమేసింది. అయినా వెళ్లి గుంత మీదే కూర్చుంది.

"పేల్చుకో."

పేల్చేవాడు మీట మీంచి చెయ్యి తీసేశాడు. కూలీలంతా కంకర తట్టలెత్తారు.

మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. అప్పటికి గుంతలన్నీ అంచుదాకా నిండాయి. ఈరమ్మ లేచి అందరితోపాటు దూరం జరిగింది. మీట నొక్కితే నేల లోపల్లోపలే ఒకసారి మూలిగింది. రాయి విడివిడిగా ఒరిగింది. ఎన్నడూ అంత రాయి పడలేదు.

యజమాని మొహం నల్లబడింది. "ఊళ్లో ఒక్కడూ ఉలిక్కిపడలేదు!"

"రాయి పగిలింది కదా దొరా."

"నేను రాయి కోసమే పేలుస్తున్నాననుకున్నావా?"

ఈరమ్మకు అప్పుడర్థమైంది. ఆమె భయం అక్కడితో పోయింది.

ఆమెను పనిలోంచి తీసేశాడు. మర్నాడు ఆమె చోట నిలబెట్టినవాడూ అంచుదాకా కూరాడు. వాణ్ణీ తీసేశాడు. ఆ తర్వాతి మనిషీ అంతే చేసింది. వారం తిరిగేసరికి కొండమీద యజమాని ఒక్కడే మిగిలాడు.

అతను ఊరివైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

కింద దారిలో నడుస్తున్న ఈరమ్మ ఆగింది. "ఎవరో పిలిచినట్టు లేదూ?" అని పక్కవాళ్లనడిగింది.

వాళ్లు చెవి ఒగ్గి విన్నారు.

"గాలి" అన్నారు.