కవిలెగదికి సూరమ్మ పెట్టని అర్జీ

ఒకానొక రాజ్యంలో, కోటకు ఉత్తరం మూలన ఒక గది ఉండేది. కోటన్నాక గదులుండవా అంటారేమో, ఈ గది సంగతి వేరు. దానపత్రాలు, సరిహద్దు తగవుల తీర్పులు, ఏ ఊరికి ఏ హక్కు ఎవరిచ్చారన్న వివరాలు తాటాకుల మీద రాయించి, కట్టలు కట్టి అందులో పెట్టేవారు. ఆ కట్టల్ని కవిలెలనీ, గదిని కవిలెగది అనీ అనేవారు. దాని తాళంచెవి పెద్దకరణం అన్నంరాజు మొలతాడుకు వేలాడుతుండేది. స్నానానికి వెళ్ళినా దాన్ని విప్పేవాడు కాదు.

ఆ రాజ్యాన్నేలే గజసింహభూపతి చెడ్డవాడు కాడు. తనంత తెలివైనవాడు లేడనుకోవడం ఒక్కటే ఆయన జబ్బు. పట్టాభిషేకమైన ఏడాదే ఆయన కవిలెగదికి ఒక నియమం పెట్టాడు. పత్రం చూడాలనుకునేవాళ్ళు, అందులో ఏమి రాసి ఉందో ముందుగా అర్జీలో రాసివ్వాలి. రాయని అర్జీ చెల్లదు.

"తన పత్రంలో ఏముందో సొంతదారుకు తెలియకుండా ఉంటుందా? తెలియనివాడు దొంగే" అన్నాడు రాజు. సభలో అందరూ భేష్ అన్నారు. అంతటివాడు అన్నాక అనక ఏం చేస్తారు?

నియమం వచ్చి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో ఒక్క అర్జీ కూడా చెల్లలేదు. ఇదంతా తన సమర్థతేనని అన్నంరాజు మీసం దువ్వుకునేవాడు.

ఇలా ఉండగా, కోటకు తూర్పున ఉన్న కుమ్మరిపాలేనికి కష్టం వచ్చింది. పాలెంలో నలభై ఇళ్ళు. పక్కనే ఉన్న బంకనేల నుంచి మట్టి తెచ్చుకుని, కుండలు చేసుకుని తరతరాలుగా బతుకుతున్నారు. రాజుగారికి ఆ నేల మీద వసంతమండపం కట్టాలని బుద్ధి పుట్టింది. వచ్చే పౌర్ణమికి శంకుస్థాపన అన్నారు. నేల చుట్టూ కంచె కూడా వేసేశారు.

పాలెంలో పెద్దదిక్కు సూరమ్మ. ఆమె కోటకు వెళ్ళి అన్నంరాజు ముందు నిలబడింది.

"అయ్యా, ఆ నేల రాజుగారి ముత్తాతగారు మావోళ్ళకి రాసిచ్చారని మా తాత చెప్పేవోడు. మా కాడున్న తాటాకు పత్రం, ఇల్లు తగలబడినప్పుడు కాలిపోయింది. మీ కాడ రెండోది ఉంటదంట. ఒక్కసారి చూపించండయ్యా."

"అర్జీ రాయించు. అందులో ఏముందో రాయించు" అన్నాడు అన్నంరాజు తల ఎత్తకుండా.

"అందులో ఏముందో తెలిస్తే మీ కాడికి ఎందుకొస్తాను?"

"తెలియకపోతే ఆ పత్రం నీదెలా అవుతుంది?"

మూడు రోజులు తిరిగింది సూరమ్మ. మూడు రోజులూ ఇదే మాట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారీ ఇవ్వలేదు. నాలుగో రోజు ఆమె కవిలెగది మెట్ల మీదే కూలబడింది.

అటుగా వచ్చిన పానకాలయ్య ఆమెను చూశాడు. ఆయన ఆస్థానంలో చమత్కారి, రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. సంగతంతా విని అడిగాడు:

"ఏదో ఒకటి రాయించెయ్యకపోయావా సూరమ్మా?"

"అబద్ధమవుద్ది కదా బాబూ. మా మట్టి కోసం మేమే అబద్ధమాడితే ఆ మట్టి మా చేతికి ఒదుగుద్దా?"

పానకాలయ్య మూసి ఉన్న కవిలెగది తలుపు వైపు చూశాడు. తర్వాత, "సరే, నీకా ఇబ్బంది ఉంది. నాకు లేదు. మీ పాలెం తరఫున నన్ను పెట్టమంటావా అర్జీ?" అన్నాడు.

"పెట్టండి బాబూ. మా కుండల సారె తిరిగినన్నాళ్ళూ మిమ్మల్ని తలుచుకుంటాం."

పానకాలయ్య అక్కడే కూర్చుని అర్జీ రాశాడు. రాసినవాడు ఊరుకోకుండా, సంతకు పోయేవాళ్ళు నలుగురూ ఆగి వినేలా గొంతెత్తి చదివాడు. "కుమ్మరిపాలెం దానపత్రంలో ఉన్నది ఏమనగా: మా వంశమున రాజ్యమేలు ప్రతి ప్రభువు ఏటేటా పౌర్ణమినాడు బంకనేలకు నడిచి వచ్చి, మట్టి తవ్వి, తట్ట నెత్తిన పెట్టుకుని కుమ్మరుల ఇంటింటికీ చేరవేయవలెను."

ఊరి నోటికి మూత ఉంటుందా? సాయంత్రానికల్లా, పౌర్ణమికి రాజుగారు మట్టితట్ట మోస్తారట అన్న మాట రాజ్యమంతా పాకింది. చూడ్డానికి పొరుగూళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వస్తామని కబుర్లు కూడా వచ్చాయి.

మర్నాడు సభలో రాజు ముఖం కందగడ్డలా ఉంది.

"పానకాలయ్యా, మా ముత్తాతగారు అలా రాశారా?"

"అర్జీలో మనవి చేశాను కదా ప్రభూ."

"పచ్చి అబద్ధం."

"అయితే అన్నంరాజుగారు కవిలె విప్పి చూసే ఉంటారు. అందులో ఏముందో చెప్పమనండి. నాది తప్పయితే ఏ శిక్షకైనా సిద్ధం."

రాజు అన్నంరాజు వైపు తిరిగాడు. అన్నంరాజు నీళ్ళు నమిలాడు.

"చూడలేదు ప్రభూ. చూడాలంటే నేనూ అర్జీ పెట్టాలి కదా. అందులో ఏముందో నాకూ తెలియదు."

"పన్నెండేళ్ళుగా ఆ గది తెరవలేదా?"

"నియమం ఏలినవారిదే ప్రభూ" అన్నాడు అన్నంరాజు వినయంగా.

సభలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. రాజు లేచి నిలబడ్డాడు. "నేనే చూస్తాను. తాళంచెవి ఇలా ఇవ్వు."

"చూడండి ప్రభూ, మీకు అడ్డేముంది" అన్నాడు పానకాలయ్య. "అయితే ఒక్క మాట. ఏలినవారు ఒంటరిగా చూసి వచ్చి తట్ట సంగతి లేదంటే, తట్ట తప్పించుకున్నారంటుంది ఊరు. నలుగురి ముందూ, ఆ కుమ్మరుల ముందూ చదివిస్తే ఎవరూ నోరెత్తరు."

రాజుకు ఆ మాట నచ్చింది. పాలెం వాళ్ళందరినీ పిలిపించారు.

తాళం తుప్పు పట్టి, ఆముదం పోస్తేగాని తెరుచుకోలేదు. లోపల ఒక మూలన చెదలు పట్టి రెండు కట్టలు అప్పటికే పిండయ్యాయి. తుమ్ముతూ, దగ్గుతూ వెతికితే కుమ్మరిపాలెం కవిలె దొరికింది. ఆకు వెలిసిపోయి ఉంది. మసీ, ఆకుపసరూ కలిపి రుద్దితేగాని అక్షరాలు పైకి తేలలేదు. అన్నంరాజు నల్లటి చేతులతో ఆకు పట్టుకుని చదివాడు.

"మేము వేటకు పోయి దారి తప్పి, విషజ్వరముతో కుమ్మరిపాలెమున పడితిమి. మేమెవరమో ఎరుగకయే ఆ పాలెమువారు తొమ్మిది దినములు మాకు గంజి కాచి పోసి, చల్లని కుండనీరు తాగించి, ప్రాణము నిలిపినారు. ఏమి కావలెనని అడుగగా, మట్టి తప్ప మరేమియు వలదన్నారు. కావున ఆ బంకనేల వారిది. మా వంశమున కుండనీరు తాగువాడు ఒక్కడున్నంత కాలము దానిపై ఎవరును చేయి వేయరాదు."

సూరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రాజు ఆ ఆకును తన చేతిలోకి తీసుకుని, మళ్ళీ తనలో తాను చదువుకున్నాడు. వాళ్ళు లేకపోతే తన తాత లేడు, తండ్రి లేడు, తానూ లేడు. వాళ్ళ నేలకే తాను కంచె వేయించాడు.

అన్నంరాజు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, చిన్న సందేహం. అంతఃపురంలో అందరూ వెండిచెంబుల్లోనే తాగుతారు. కుండనీరు తాగేవారు వంశంలో ఎవరూ లేరు. ఆ లెక్కన పత్రం చెల్లదేమో."

రాజు సూరమ్మ వైపు తిరిగాడు. "సూరమ్మా, మీ ఇంట్లో కుండలో నీళ్ళున్నాయా?" అని అడిగాడు.

"పొద్దున్నే పట్టాను ప్రభూ."

రాజు పల్లకీ వద్దని పాలేనికి నడిచి బయలుదేరాడు. దారిలో పానకాలయ్యను పక్కకు పిలిచి, "తట్ట మాట ఎక్కడా లేదే? ఏ శిక్షకైనా సిద్ధమన్నావు" అన్నాడు.

"పత్రంలో ఏముందో రాయమంది నియమం. సరిగ్గా రాయమని ఎక్కడా అనలేదు ప్రభూ. సూరమ్మ నిజాయితీపరురాలు గనక అర్జీ రాయించలేకపోయింది. నేను కాను గనక నాది సభ దాకా వచ్చింది."

రాజు దారి మధ్యలో ఆగి పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, చేతి కంకణం తీసి పానకాలయ్యకు తొడిగాడు. కంచె తీసేయమన్నాడు, మండపం మాట మరిచిపొమ్మన్నాడు, ఆ నియమాన్ని అక్కడికక్కడే రద్దు చేశాడు. ఇకమీద కవిలెగది తలుపు పొద్దున తెరిస్తే పొద్దుగూకేదాకా మూయరాదని అన్నంరాజుకు ఆజ్ఞ అయింది. చెదలు తిన్న కట్టలు తలుచుకుని అన్నంరాజు కూడా, "తల్లీ, నువ్వు వచ్చి కూర్చోకపోతే ఇంకో ఏడాదికి గదిలో కాపలా కాయడానికి ఏమీ మిగిలేది కాదు" అని సూరమ్మకు దణ్ణం పెట్టాడు.

పాలెంలో రాజు సూరమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. రాజు గడగడా తాగి, ముంత కింద పెట్టాడు.

"ఇంకాసిని ముంచమంటారా ప్రభూ?"

"ముంచు సూరమ్మా. మా ముత్తాత తొమ్మిది రోజులు తాగాడు, నాకు ఈ పూటే తెలిసింది" అన్నాడు రాజు. ఈసారి ముంత అందుకోలేదు. అరుగు దిగి, ఆమె ముందు వంగి దోసిలి పట్టాడు.