వేపపుల్లల లైబ్రరీ

దొడ్డి బడిలో లైబ్రరీ అంటే పాత గడ్డికొట్టమే. దాన్ని చూసుకునేది వీరన్న ఎద్దు. నాగలి లాగి లాగి మోకాళ్ళు అరిగాక, కూర్చుని చేసే పనే కదా అని ఒప్పుకున్నాడు. కూర్చునేదెక్కడ? ఏ పిల్లనీ అర ముట్టుకోనివ్వడు. అడిగినప్పుడల్లా లేచి తేవాలి, చదివాక మళ్ళీ లేచి పెట్టాలి.

"నేనే తీసుకుంటా తాతా," అనేది మేకపిల్ల.

"నువ్వు తీసుకుంటే మాకు అట్టలే మిగులుతాయి. కూర్చో."

పిల్లలు కూర్చునేవారు. సాయంత్రానికి వీరన్న ఒళ్ళు హూనమయ్యేది.

ఒకరోజు నక్కమ్మ వచ్చింది. "ఈ వయసులో నీకెందుకు మామా ఈ చాకిరీ? రేపట్నుంచి వెనకగదిలో నేను కూర్చుంటాను. ఎవరికే పుస్తకం నప్పుతుందో నేను చెబుతాను. ఒక్కొక్కరినే లోపలికి పంపు, తలుపేసుకుంటాను."

"తలుపెందుకు?"

"చదువు విషయం కదా, నిదానంగా మాట్లాడాలి."

"పెద్దసారునడిగావా?"

"అడిగాను. ఆయన కూత వినకపోతే నాకు తెల్లారదన్నాను. సరేనన్నాడు."

పెద్దసారంటే కోడిపుంజు. పొగిడితే చాలు, తన పిల్లలు కూడా ఆ బడిలోనే ఉన్నారన్న సంగతి మరిచిపోతాడు.

కంచే చేను మేస్తానంటోందని వీరన్నకి తెలిసింది. పుంజుతో వాదించే ఓపిక లేదు. కొమ్ము విసరాలన్నా ముందు లేవాలి కదా. అంతకన్నా బాధ ఇంకొకటి. నోరు తెరుచుకుని కూర్చుని, పిలిస్తే లేచి వెళ్ళే అలవాటు ఈ పిల్లలకి నేర్పింది తనే.

మర్నాడు నక్కమ్మ రాకముందే పిల్లలకి తలా ఒక వేపపుల్ల ఇచ్చాడు.

"పుస్తకం తీసినచోట మీ పుల్ల పెట్టండి. చదివాక పుల్ల తీసి పుస్తకం పెట్టండి. ఏది కావాలో మీరే వెతుక్కోండి. నన్నడగొద్దు, లోపలికెళ్ళి ఎవర్నీ అడగొద్దు."

"తప్పు పుస్తకం తీస్తే?" అంది మేకపిల్ల, గుర్తు కోసం తన పుల్ల చివర నములుతూ.

"ఇంకోటి తీయండి."

నక్కమ్మ వచ్చి వెనకగదిలో కూర్చుంది. కాసేపటికి చిన్న కోడిపిల్ల, ఎవర్నో ఒకర్ని అడిగే అలవాటు చొప్పున, అటు తిరిగి నిలబడింది.

"రామ్మా, నేను చెబుతాను," అంది లోపలి గొంతు.

వీరన్న ముందుకాళ్ళు బిగపట్టి లేవబోయాడు. కోడిపిల్ల ముక్కున ఉన్న పుల్లని కింద పెట్టింది.

"వద్దత్తా. నేనే వెతుక్కుంటా."

వెతుక్కుంది. నాలుగు పుస్తకాలు కింద పడేసి, వానపాముల పుస్తకం లాక్కుని, పుల్లని అడ్డంగా పెట్టింది. వీరన్నకి కొమ్ములు దురద పెట్టాయి. అయినా మళ్ళీ కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఆ రోజంతా పుస్తకాలు తలకిందులుగా అరలెక్కుతుంటే చూస్తూ ఊరుకోవడం, నాగలి లాగడం కన్నా కష్టమైంది.

పొద్దువాలాక నక్కమ్మ బయటికొచ్చింది. డొక్కలు లోపలికి పోయాయి.

"ఒక్కరూ రాలేదేం మామా?"

"వాళ్ళకి నాతోనే పని లేకుండా పోయింది తల్లీ. ఇక నీతో ఏముంటుంది?"

ఆ మాట అన్నాక వీరన్నకి కాస్త దిగులేసింది, మోకాళ్ళకి మాత్రం హాయిగా ఉంది. నక్కమ్మ మర్నాటి నుంచి రాలేదు.

నీతి: అన్నీ నోటికందించి పెంచితే, పిల్లలు పిలిచిన ప్రతివాడి వెంటా పోతారు.