చూసే కాంతి

"రోజ్‌లీనకి మీరేం చెప్పారు మేడమ్, నాకు చెప్పకుండా?"

ఫణిశ్రీ ఈ ప్రశ్న అడిగింది భౌతికశాస్త్రం చెప్పే భ్రమరాంబ గారిని. ఆవిడకి కూర్చుని జవాబివ్వడం అలవాటు లేదు. లేచి ప్రయోగశాల వైపు నడిచారు.

అక్కడ ఇద్దరు శిష్యురాళ్ల బల్లలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో బల్ల మీద రెండు అద్దాలు, వాటి మధ్య ఉల్లిపొరకన్నా ఎన్నో రెట్లు పల్చని పొర. అది ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. ఒక లేజరు కాంతి ఆ వణుకుని లాగేసుకుని పొరని కుదుటపరుస్తుంది. ఇంకో సన్నని కాంతి, వణుకు ఎంత మిగిలిందో చూసి తెరమీద అంకె వేస్తుంది. ప్రకృతి ఒప్పుకునే అతి తక్కువ వణుకు దాకా దించడం వాళ్ల పని. ఎవరిది బాగా దిగితే ఆ పొరే తరవాతి ప్రయోగానికి వెళ్తుంది. ఉన్నది ఒక్క చోటు, మర్నాడు తేలిపోతుంది. రోజ్‌లీన ఫణిశ్రీకి జూనియర్. ఆమె పొర అప్పటికే దాదాపు కుదుటపడింది.

"అదే పొర, అదే లేజరు. పైగా రోజ్‌లీన లేజరు పెట్టేసి టీకి పోతుంది మేడమ్! నేనేమో కన్నార్పకుండా కూర్చుంటాను."

"కూర్చుని?"

"అంకె చూస్తాను. సరిగ్గా తెలియకపోతే చూసే కాంతి పెంచుతాను. రోజ్‌లీన పొరకన్నా తగ్గిందో లేదో తెలియాలిగా!"

భ్రమరాంబ గారు ఆ కాంతిని బాగా తగ్గించేశారు. తెరమీద అంతా అలుక్కుపోయింది.

"అయ్యో, ఏమీ కనపడట్లేదు!"

"కనపడుతుంది, ఆలస్యంగా. చూసే కాంతి తగిలినా పొరకి దెబ్బేనమ్మా. పద, టీ తాగుదాం."

క్యాంటీన్‌లో ఫణిశ్రీ ప్రయోగశాల కిటికీ కనపడేలా కుర్చీ తిప్పుకుని కూర్చుంది. ఆమె టీ మీద తొరక కట్టింది.

తిరిగొచ్చేసరికి అంకె పడి ఉంది. ఆమె బల్ల మీద అంత చిన్న అంకె ఎన్నడూ పడలేదు. ఫణిశ్రీ మొహం వెలిగింది. వెంటనే పక్క తెర వైపు చూసింది. రోజ్‌లీనది ఇంకాస్త తక్కువ.

"ఇంకొంచెం స్పష్టంగా చూస్తే నాదే తక్కువేమో," అంటూ చూసే కాంతి పెంచేసింది. భ్రమరాంబ గారు ఆపలేదు. అంకె ఎక్కడం మొదలుపెట్టింది.

"రోజ్‌లీనకి ఏం చెప్పానని అడిగావుగా," అన్నారావిడ. "టీ తాగి రమ్మన్నాను."

"నేనూ వచ్చానుగా మేడమ్!"

"నువ్వెక్కడొచ్చావమ్మా?"